నోరు తిరగక కాదు

కందుకూరులో ఒక బడి పిల్లలతో మాట్లాడి బయటికి వస్తుంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి వెంట వచ్చి అడిగింది. "సార్, మా నాయన ఇంట్లో ‘పోను’ అంటాడు. బ్యాంకుకు పోతే చక్కగా ‘ఫోను’ అంటాడు. అలా పలకడం వచ్చినప్పుడు ఇంట్లో ఎందుకు అనడు?"

ఎంత మంచి ప్రశ్న! ‘పల్లెటూరివాళ్లకు నోరు తిరగదు’ అని మన బడుల్లో తరతరాలుగా చెబుతున్న మాటను ఆ పిల్ల ఒక్క పరిశీలనతో పక్కకు నెట్టింది. బ్యాంకులో తిరిగిన నోరు ఇంటి గడప దాటగానే తిరగడం మానేస్తుందా?

దీనికి జవాబు న్యూజిలాండు రేడియోలో దొరికింది. 1970వ దశకంలో అలన్ బెల్ అనే భాషాశాస్త్రవేత్త వెల్లింగ్టన్ నగరంలో రేడియో వార్తలు రికార్డు చేశాడు. అక్కడ రెండు కేంద్రాలకు స్టూడియోలు ఒకే చోట ఉండేవి, రెండింట్లోనూ వార్తలు చదివేది అదే మనుషులు. ఒకటి జాతీయ కేంద్రం, దాని శ్రోతల్లో పెద్ద చదువుల వాళ్లు ఎక్కువ. రెండోది స్థానిక కేంద్రం, అది అందరూ వినేది. బెల్ ఒకే ఒక్క ధ్వనిని పట్టుకున్నాడు: ‘బెటర్’ వంటి మాటల్లో రెండు అచ్చుల మధ్య వచ్చే ట. దాన్ని ట అనే పలకవచ్చు, డ లాగా ‘బెడర్’ అనీ పలకవచ్చు. ట పలికేటప్పుడు నాలుక కొన పైపళ్ల వెనక చిగురుకు ఆని గాలిని ఆపుతుంది, ఆ క్షణం గొంతులో స్వరతంత్రుల కంపనం కూడా ఆగుతుంది. రెండో పలుకుబడిలో నాలుక ఒక్కసారి తాకి జారిపోతుంది, కంపనం ఆగదు. మన వ్యాకరణం మాటల్లో చెప్పాలంటే పరుషం సరళమైంది. సరళాదేశ సంధి చదివిన పిల్లలకు ఇది చిరపరిచితమే.

చదివేది అదే మనిషి అయినా, జాతీయ కేంద్రంలో ట ఎక్కువ, స్థానిక కేంద్రంలో డ ఎక్కువ. తేడా సగటున 20 శాతం.

నాకు ఈ పరిశీలన అంటే ప్రాణం. ఎందుకంటే అనుమానితులు ఒక్కొక్కరే తప్పుకుంటారు. నోరు అదే, గది అదే, చదివేవి వార్తలే. ‘జాగ్రత్తగా మాట్లాడితే పలుకు మారుతుంది’ అని 1966లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త న్యూయార్కు పరిశీలనలతో చెప్పాడు. కానీ వార్తలు చదివేవాడి జాగ్రత్త రెండు చోట్లా ఒకటే కదా! ఇక మిగిలింది వినేవాళ్లు. వాళ్లు ఆ గదిలో లేనే లేరు. మైకు వెనక ఎవరున్నారో మనసులో ఊహించుకున్నందుకే నాలుక కదలిక మారింది.

వినేవాళ్లు ఎదురుగానే ఉంటే? నికోలస్ కూప్లండ్ అనే మరో భాషాశాస్త్రవేత్త బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో ఒక ప్రయాణాల ఏజెన్సీ ఉద్యోగిని 51 మంది ఖాతాదారులతో మాట్లాడిన తీరును పరిశీలించి 1984లో ప్రచురించాడు. అక్కడా అదే ట. వచ్చినవాళ్లు ఎలా పలికితే ఆమె ట అటువైపు ఒరిగింది.

బెల్ కూడా 1984లోనే తన సిద్ధాంతాన్ని రాశాడు. వినేవాళ్లలో నాలుగు వలయాలు ఉంటాయన్నాడు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం కొట్టు ఊహించండి. యజమాని మొలగొలుకుల ధర గురించి రైతుతో మాట్లాడుతున్నాడు. ఆ రైతు మొదటి వలయం. ఆ సంభాషణలో భాగంగా పక్కనే కూర్చున్న గుమాస్తా రెండోది. గుమ్మం దగ్గర తన వంతు కోసం నిలబడి ఉన్నాడని తెలిసిన మనిషి మూడోది. గోడ అవతల ఉన్నాడని కూడా తెలియని మనిషి నాలుగోది. లోపలి వలయానిది పెద్ద లాగుడు, బయటికి పోయే కొద్దీ అది తగ్గుతుంది. ఆ గుమాస్తా కుర్చీలో బ్యాంకు మేనేజరు కూర్చుంటే, మాట రైతుతోనే అయినా ‘ఆపీసు’ కాస్త ‘ఆఫీసు’ వైపు జరుగుతుంది.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. కింది పెదవిని పైపళ్లకు ఆనించి పలికే ‘ఫోను’లోని ధ్వని తెలుగుకు బయటి నుంచి వచ్చింది. ఫ అనే అక్షరం అసలు విలువ ప మీద హకారపు ఊపిరి, రెండు పెదవులూ కలిసి విడిపోవాలి. ‘పోను’ అన్న పిల్లవాణ్ని దిద్దే మనమే ‘ఫలం’ అనే మాటను పళ్లకు పెదవి ఆనించి పలుకుతున్నాం. గొప్పగా వినిపించాలన్న తొందరలో అవసరం లేని చోట కూడా ఆ ధ్వనిని వాడేస్తున్నాం. పిల్లవాడి వీపు మీద దెబ్బ వేసే ముందు ఇది గుర్తుంచుకోండి. ఎవరితో ఎలా పలకాలో వాడి చెవికి అప్పటికే తెలుసు.

ఆ అమ్మాయికి ఒక పని అప్పగించాను. నాయన ఇంట్లో ఉన్నప్పుడు బ్యాంకు నుంచి పిలుపు వస్తే నోటుపుస్తకంలో రెండు గళ్లు గీసి, ‘పోను’ ఎన్నిసార్లో ‘ఫోను’ ఎన్నిసార్లో గుర్తులు పెట్టమన్నాను. అవతల బ్యాంకు, పక్కనే ఇంటివాళ్లు. బెల్ లెక్క ప్రకారం అవతలివైపే గెలవాలి. "నేను రాస్తున్నట్టు ఆయనకు తెలియకూడదు కదా సార్?" అంది. నాలుగో వలయం గురించి నేను ఆమెకు ఇంకా చెప్పలేదు.