యూనివర్సిటీ పొలంలో ప్రజల కార్యక్రమాలు: అపోహలు - వాస్తవాలు

యూనివర్సిటీ పొలంలో జనం కోసం కార్యక్రమాలు నడపడం నా పని. పొలం తిప్పి చూపిస్తాం, కలిసి కోత కోస్తాం, కంపోస్ట్ చేయడం నేర్పిస్తాం, విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటాం, కొన్ని రోజుల్లో అక్కడ పండినదే వండుకుని అందరం కూర్చుని తింటాం. బయటినుంచి చూసేవాళ్లకి ఇదంతా పిక్నిక్‌లా అనిపిస్తుంది. నేను మాత్రం దీన్ని సేద్యంలో ఒక భాగంగానే చూస్తాను. ఏ రోజు పెట్టాలో, ఎంతమందిని పిలవాలో, ఏం వండాలో నేలా పంటా వాతావరణమే తేల్చాలి. ఈ విషయంలో వచ్చేవాళ్లకీ, కొత్తగా ఇలాంటివి మొదలుపెట్టేవాళ్లకీ ఉండే కొన్ని అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: జనాన్ని రానిస్తే పరిశోధన పాడవుతుంది

ఈ భయం ఉత్తదేం కాదు. తడి నేల మీద గుంపుగా నడిస్తే పైమట్టి అణిగిపోతుంది. గాలీ నీరూ ఆడే సందులు మూసుకుపోతాయి, లేత వేళ్లు లోపలికి దిగలేవు. ఎండు తెగులు తెచ్చే ఫ్యుసేరియం లాంటి శిలీంధ్రాలు బూట్లకి అంటిన మట్టితో ఒక మడి నుంచి ఇంకో మడికి చేరతాయి.

వీటన్నిటికీ ఉపాయాలున్నాయి. నడిచే దారుల మీద చెక్కపొట్టు పరుస్తాం. గేటు దగ్గర బూట్లు బ్రష్‌తో దులిపిస్తాం. వాన పడి నేల ఆరకపోతే మడుల వైపు తీసుకెళ్లం, ఆ రోజు ఎంత దూరం నుంచి వచ్చినవాళ్లున్నా సరే. ప్రయోగం మడుల చుట్టూ అదే పంట అంచు వరసలుగా వేసి ఉంటుంది కదా, ముట్టుకుని చూడటానికి అవి చాలు.

అసలు చాలాకాలంగా నడుస్తున్న ప్రయోగాలే జనానికి బాగా అర్థమవుతాయి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలుపెట్టిన గోధుమ ప్రయోగం ఇప్పటికీ సాగుతోంది. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ క్యాంపస్ మధ్యలోనే 1876 నాటి మారో ప్లాట్లు అనే ప్రయోగ మడులు ఉన్నాయి. పక్కన లైబ్రరీ కట్టాల్సి వచ్చినప్పుడు, ఆ మడుల మీద నీడ పడకూడదని దాన్ని నేల కింద కట్టారు. అక్కడ ఏ ఎరువూ వేయకుండా ఏటా మొక్కజొన్నే వేసిన చోటికీ, పంట మార్చి మార్చి వేసిన చోటికీ దిగుబడిలో చాలా తేడా ఉంది. పంట మార్పిడి ఎందుకో గంటసేపు ఉపన్యాసం చెప్పినా ఎక్కదు. అలాంటి రెండు మడులు పక్కపక్కన చూస్తే నిమిషంలో ఎక్కుతుంది.

అపోహ: సేంద్రియం అంటే అసలు మందే కొట్టరు

మాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. చాలామంది జవాబు ముందే అనుకుని వస్తారు. సేంద్రియ నియమాల్లో కూడా కొన్ని మందులకి అనుమతి ఉంది: వేప నూనె, గంధకం, రాగి మందులు, బీటీ అనే బ్యాక్టీరియాతో చేసినవి, చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రం. మొక్క నుంచి వచ్చింది కదా అని అన్నీ మెతకవనుకోకూడదు. పైరెత్రం తేనెటీగల్ని కూడా చంపుతుంది. రాగి విరిగిపోయి మాయమైపోదు, ఏళ్ల తరబడి నేలలో పేరుకుంటూ వానపాములకి హాని చేస్తుంది. బీటీ మాత్రం రకాన్ని బట్టి కొన్ని జాతుల పురుగుల మీదే పనిచేస్తుంది.

కాబట్టి ఏ మందు, ఎప్పుడు, ఎందుకు కొట్టామో రాసిన పుస్తకం చూసేవాళ్లకి అందేలా పెట్టాలని నా పట్టుదల. స్ప్రే డబ్బాలు గదిలో దాచి, పూలు మాత్రం చూపించే పొలం టూర్ మీద నాకు నమ్మకం లేదు.

అపోహ: చిక్కుడు జాతి మొక్క పక్కన ఉంటే పక్క పంటకి నత్రజని అందుతుంది

ఇది సగం నిజం. పిల్లలు వచ్చిన రోజు దీన్ని చూపించడం నాకు చాలా ఇష్టం. పూత దశలో ఉన్న బీన్స్ మొక్క ఒకటి తీసుకుంటాం. లాగేస్తే వేళ్లు తెగి బుడిపెలు నేలలోనే ఉండిపోతాయి కాబట్టి పలుగుతో చుట్టూ గుల్ల చేసి మట్టితో సహా పైకి తీస్తాం. బకెట్ నీళ్లలో మెల్లగా ఆడిస్తే వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు కనబడతాయి. ఒకదాన్ని గోటితో చీల్చమంటాం. లోపల ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటే అది పనిచేస్తున్నట్టు. లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థం వల్ల ఆ రంగు వస్తుంది, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కి అది చుట్టమే. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు, ఆకుపచ్చగా మారితే పని అయిపోయింది. మొక్క అంటే మొహం తిప్పుకునే పిల్లలు కూడా ఆ ఎరుపు చూశాక ఇంకొకటి, ఇంకొకటి అంటూ చీలుస్తారు.

ఆ బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది. అయితే మొక్క దాన్ని ముందు తనకోసమే వాడుకుంటుంది. కాయ పట్టాక ఎక్కువ భాగం గింజల్లోకి వెళ్లిపోతుంది. గింజలు కోసుకుని, మిగిలిన మొక్క కూడా పీకి పారేస్తే నేలకి మిగిలేది తక్కువే. వేళ్లూ ఆకులూ నేలలో కలిసి కుళ్లాక, ఆ తర్వాత వేసే పంటకి లాభం. పచ్చిరొట్ట పంటని పూతలో ఉండగానే దున్నేసేది ఇందుకే.

అపోహ: పశువుల ఎరువు సహజం, ఎలా వేసినా ఫర్వాలేదు

ఇక్కడ నేను మొహమాటపడను. పచ్చి పెంటలో ఈ.కొలి, సాల్మొనెల్లా లాంటి రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు ఉండొచ్చు. అమెరికా సేంద్రియ నియమాల ప్రకారం, తినే భాగం నేలకి తగిలే పంటైతే పచ్చి ఎరువు వేశాక 120 రోజులు, తగలనిదైతే 90 రోజులు గడిచాకే కోత కోయాలి. ఎక్కడ పొలం చేసినా ఆ జాగ్రత్త పాటించడం మంచిది. జనం మడిలోంచి ముల్లంగి పీకి తినే చోట మరీ ముఖ్యం.

సరిగ్గా మాగిన కంపోస్ట్ అయితే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. కార్బన్ ఎక్కువుండే ఎండు ఆకులు, గడ్డి, చెక్కపొట్టు ఒక వైపు, నత్రజని ఎక్కువుండే పచ్చి చెత్త, పెంట ఇంకో వైపు. మొత్తం మీద కార్బన్ పాళ్లు నత్రజనికి 25 నుంచి 30 రెట్లు ఉంటే కుప్ప బాగా వేడెక్కుతుంది. తడి చూడటానికి గుప్పెడు తీసుకుని గట్టిగా పిండాలి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైంది, కుప్ప కంపు కొడుతుంది. చేయి విప్పగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి.

వర్క్‌షాప్‌లో అందరి చేతా థర్మామీటర్ దింపిస్తాం. మూడడుగుల పొడవు కాడ, పైన గుండ్రటి డయల్. కుప్ప నడిమధ్యకి దించాక ముల్లు 55 డిగ్రీలు దాటుతుంటే, చుట్టూ మూగినవాళ్లు చెత్తలో ఇంత వేడి ఎక్కడిదని అడుగుతారు. ఆ వేడి సూక్ష్మజీవులు పనిచేయడం వల్ల పుట్టిందే. పొడవాటి కుప్పలుగా పోసే పద్ధతిలో 15 రోజులు 55 డిగ్రీలకి తగ్గకుండా ఉండాలి, ఈలోపు కనీసం ఐదుసార్లు తిరగెయ్యాలి. అంచుల్లో ఉన్నది నడిమధ్యకి రాకపోతే అక్కడి రోగకారకాలు చావవు. బాగా వేడెక్కి 65 దాటిందంటే మేము వెంటనే తిరగేస్తాం, మరీ ఎక్కువైతే మనకి కావలసిన సూక్ష్మజీవులూ పోతాయి.

భోజనాల రోజున దీనికి ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. "కంపోస్టబుల్" అని రాసి ఉన్న ప్లేట్లు, కప్పులు కుప్పలో వేస్తే చాలనుకుంటారు. మొక్కల పిండి పదార్థం నుంచి తయారయ్యే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో చేసినవి పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రాల్లో, 60 డిగ్రీల దగ్గర వేడి చాలాకాలం నిలిస్తేనే విరుగుతాయి. చిన్న కుప్పలో నెలల తర్వాత కూడా ముక్కలుగా అలాగే ఉంటాయి. కడిగి మళ్లీ వాడే స్టీలు, పింగాణీ పళ్లేలే నయం. గిన్నెలు తోమే మనుషుల్ని కూడా ముందే లెక్కేసుకోండి.

అపోహ: దగ్గర్లో పండితే చాలు, పర్యావరణానికి మేలే

ఆహారం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా 6 శాతం దాకా అని 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ లెక్కగట్టింది. ఎరువులు, ఇంధనం లాంటివి పొలానికి చేరే రవాణా కూడా కలిపిన లెక్కల్లో ఇది ఇంకా ఎక్కువే. అయినా ఏం తింటున్నాం, ఎలా పండించాం, ఎంత పారేస్తున్నాం అన్నవే పెద్ద ప్రశ్నలు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వినియోగదారులకి అందుబాటులోకి వచ్చిన ఆహారంలో 19 శాతం దుకాణాల్లో, హోటళ్లలో, ఇళ్లలో వృథా అవుతోంది. దగ్గరి పంట గొప్పతనం తాజాదనంలో ఉంది, పండించినవాళ్లని నిలదీసి అడగగలగడంలో ఉంది. అంతకుమించి కార్బన్ లెక్కలు దానికి అంటగట్టి ప్రచారం చేయొద్దని తోటి నిర్వాహకులకి నా మనవి.

అపోహ: తోటలోంచి నేరుగా కోసింది, కడగక్కర్లేదు

కడగాలి. పక్షులూ ఎలుకలూ తిరిగే చోటు అది. మడుల దగ్గరే పారే నీళ్లు, సబ్బు పెట్టాలి. శానిటైజర్ సీసా దానికి బదులు కాదు, మట్టి అంటిన చేతుల మీద అది సరిగా పనిచేయదు. పశువుల దగ్గరికి వెళ్లొచ్చిన పిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా చూడాలి. కోసిన టమాటా, పుచ్చముక్కలు, వండిన వంటలు 5 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు.

అపోహ: కోతల కాలంలోనే కార్యక్రమం పెట్టాలి

కోత రోజు ఫొటోలు బాగా వస్తాయి, నిజమే. నేర్చుకునేది మాత్రం నారు పోసేటప్పుడు, కంపోస్ట్ తిరగేసేటప్పుడు, తెగులు తగిలిన మడి ముందు నిలబడ్డప్పుడు ఎక్కువ. నన్నడిగితే ఏడాదికి ఒక పెద్ద వేడుక కంటే, నెలకో చిన్న పని రోజు మేలు.

అపోహ: వలంటీర్లు వస్తే పొలం పని ఉచితంగా అయిపోతుంది

కలుపు మొక్కకీ క్యారట్ నారుకీ తేడా తెలియనివాళ్లు వరస మొత్తం పీకేయడానికి ఎంతోసేపు పట్టదు. అది వాళ్ల తప్పు కాదు, చూపించకుండా పని అప్పగించినవాళ్లది. పదిమందికి ఒకరైనా తెలిసినవాళ్లు వెంట ఉండాలి. ముందు ఒక మూర మేర కలిసి తీసి, ఏది ఉంచాలో ఏది పీకాలో ఆకు పట్టుకుని చూపించాలి. కొత్తవాళ్లకి నేను ఎక్కువగా ఇచ్చేవి కంపోస్ట్ జల్లెడ పట్టడం, దారుల్లో పొట్టు పరచడం, ఎండిన కాయల్లోంచి విత్తనాలు ఒలవడం. కూర్చుని చేసే పని కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లూ ఒలుపుడు బల్ల దగ్గర చేరతారు. ఆ రోజు పొలానికి కలిసొచ్చే పని తక్కువే, నేర్పేవాళ్ల సమయం లెక్కేస్తే ఖర్చే ఎక్కువ. ఆ ఖర్చుని బోధన ఖర్చుగా బడ్జెట్‌లో ముందే రాయించుకోండి. అప్పుడు ఎంత కలుపు తీశారని వలంటీర్ల మీద ఎవరూ ఒత్తిడి పెట్టరు.