చేదు పొర కింది బలం: క్వినోవా నేపథ్యం

క్వినోవాను ఈమధ్యే దొరికిన ధాన్యంగా చెప్పడం పరిపాటి అయింది. నిజానికి దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో, పెరూ, బొలీవియా సరిహద్దులో, సముద్రమట్టానికి సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సు పరిసరాల్లో దీన్ని వేల ఏళ్లుగా పండిస్తున్నారు. గడ్డకట్టే చలినీ, ఉప్పు నేలనూ, వానలేమినీ తట్టుకుని అక్కడ నిలిచే పంటలు బహు తక్కువ. 16వ శతాబ్దంలో స్పానిష్ పాలన వచ్చాక గోధుమ, బార్లీలకు ఆదరణ పెరిగింది. క్వినోవా మూలవాసుల తిండిగా చిన్నచూపుకు గురైంది. ఆ కాలమంతా విత్తనాన్ని చేజారనివ్వనివి అక్కడి మూలవాసులైన కెచువా, ఐమారా రైతు కుటుంబాలే. దీని గురించి ఎవరు రాసినా ముందు చెప్పవలసిన మాట ఇది.

గింజ మీద సపోనిన్ అనే చేదు పొర ఉంటుంది. పిట్టల నుంచి పంటను కాపాడేది అదే, తినేవారికి శ్రమ పెట్టేదీ అదే. వేయించిన గింజలను రాతి తొట్టిలో పోసి కాళ్లతో తొక్కి, తూర్పారబట్టి, నురగ పోయేదాకా పలుమార్లు కడగడం ఆండీస్ ఇళ్లలో పాత పద్ధతి. అలా శుభ్రమైన గింజతో చారు కాచేవారు, పాలు, జున్ను కలిపి ‘పెస్కె’ అనే జావ వండేవారు, పిండితో ఆవిరి ముద్దలు చేసేవారు. ఇప్పుడు యంత్రాలే పొర తీస్తున్నా, వండే ముందు రెండు మూడు నీళ్లతో కడగడం మంచిది. తర్వాత రెండింతల నీటిలో పావుగంట ఉడికిస్తే, మొలక భాగం తెల్లని సన్నని ఉంగరంలా గింజ నుంచి విడివడుతుంది. ఉడికిందనడానికి అదే గుర్తు.

ఇది గడ్డిజాతి ధాన్యం కాదు. పాలకూర, బీట్‌రూట్ కుటుంబానికి చెందిన మొక్క గింజ, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు లేనిది. వండని 100 గ్రాములలో సుమారు 14 గ్రాముల మాంసకృత్తులు, 7 గ్రాముల పీచు, 4.6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. పరిమాణం కన్నా నాణ్యతే విశేషం: శరీరం స్వయంగా తయారుచేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాలూ, గోధుమలోనూ బియ్యంలోనూ కొరవడే లైసిన్‌తో సహా, ఇందులో లభిస్తాయి. అయితే ఉడికేటప్పుడు గింజ నీటిని పీల్చుకుంటుంది కనుక, వండిన 100 గ్రాములలో మాంసకృత్తులు నాలుగు గ్రాములకు కాస్త మించి మాత్రమే ఉంటాయి. ప్యాకెట్ మీది అంకెను పళ్లెంలోని అంకెగా పొరబడకూడదు.

ఈ గుణాలను చూసే 1993లో నాసా దీర్ఘకాల అంతరిక్ష యాత్రలకు తగిన పంటగా దీన్ని పరిశీలించింది. బొలీవియా ప్రతిపాదనతో ఐక్యరాజ్యసమితి 2013ను అంతర్జాతీయ క్వినోవా సంవత్సరంగా ప్రకటించింది. గిరాకీతో పాటు ధరలూ ఎగబాకాయి. పెరూ తీరప్రాంతాల్లోనూ సాగు విస్తరించి దిగుబడి పెరగడంతో 2015లో అవి పడిపోయాయి. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది వానమీదే ఆధారపడి, తక్కువ దిగుబడితో పండించే ఎత్తు ప్రాంతాల రైతులకే.