విమానంలో బీరువాలెందుకు?

అమ్ములూ, చిన్నోడా,

మొన్న ఫోన్లో మీరడిగినదానికి అప్పటికప్పుడు జవాబు తోచలేదు. షికాగోలో మీరెక్కిన బుల్లి విమానంలో సూట్‌కేసులు పెట్టుకోవడానికి నాలుగు బీరువాలున్నాయని చెప్పారు. "అక్కడ ఇంకో ఇరవైమంది కూర్చోవచ్చు కదా తాతయ్యా" అంది అమ్ములు. నీ లెక్క అచ్చంగా సరిపోయిందే తల్లీ! దాని పేరు సీఆర్‌జే 550. అసలది 70 సీట్ల సీఆర్‌జే 700. అందులోంచి 20 సీట్లు పీకేసి, 2019లో యునైటెడ్ అనే పెద్ద విమాన కంపెనీ రంగులేసి తిప్పడం మొదలుపెట్టారు. ఎక్కేవాళ్లు లేక పీకలేదు. పైలట్లతో రాసుకున్న ఒప్పందంలోని ఓ షరతు అలా పీకించింది.

మా డిపోలో అద్దె బస్సులని ఉండేవి. రంగు మాదే, రూటు మాదే, టిక్కెట్టు కొట్టే కండక్టరూ మావాడే. బస్సూ డ్రైవరూ మాత్రం ఓనరువి. ఎక్కే జనానికి ఆ తేడా తెలిసేది కాదు. మాకు తెలిసేది. ఓ అద్దె బస్సు కొత్తగా వచ్చిందంటే మాలో ఒకరి డ్యూటీ తగ్గినట్టే. అమెరికాలో చిన్న ఊళ్లకి వెళ్లే విమానాలు చాలావరకు ఇలాంటివే. తోక మీద పెద్ద కంపెనీ పేరుంటుంది, నడిపేది ఇంకో చిన్న కంపెనీ. అక్కడి పైలట్ల జీతం వేరు, సీనియారిటీ లిస్టు వేరు. ఒక కంపెనీలో ఇరవై ఏళ్లు నడిపిన కెప్టెనయినా ఇంకో కంపెనీలో చేరితే లిస్టులో అట్టడుగునే కూర్చోవాలి. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఆ పైలట్ల గొడవల్లో సగం అర్థమైనట్టే.

అందుకే పెద్ద కంపెనీల పైలట్లు యాజమాన్యంతో షరతు పెట్టుకున్నారు: మన పేరు మీద బయటివాళ్లు నడిపే విమానాలు ఇన్నే ఉండాలి, సీట్లు ఇన్నే ఉండాలి. వాళ్ల భాషలో అది స్కోప్ క్లాజు. ఇప్పుడు చాలా ఒప్పందాల్లో హద్దు 76 సీట్లు, బరువు 86,000 పౌన్లు, అంటే సుమారు 39 టన్నులు. 70, 76 సీట్లవి ఎన్ని ఉండొచ్చో దానికీ లెక్కుంది. యునైటెడ్‌కి ఆ కోటా నిండిపోయింది, 50 సీట్లకి చోటుంది. అందుకని మీ బీరువాలు! విమానాలు తయారుచేసే ఎంబ్రాయర్‌వాళ్లు ఈ175 ఈ2 అని కొత్త ఇంజన్లతో ఓ విమానం తలపెట్టారు. ఆ బరువు హద్దు దాటిపోవడంతో అమెరికాలో కొనేవాళ్లు లేక పక్కన పెట్టేశారు.

ఈ పేచీ పాతదే. 1990ల్లో 50 సీట్ల జెట్లు వచ్చినప్పుడు పెద్ద కంపెనీల పైలట్లలో చాలామంది వాటిని లెక్కచెయ్యలేదు. బొమ్మలాంటి విమానాలు, ఎవరు నడిపితే ఏంటి అనుకున్నారు. అది వాళ్ల పొరపాటే అంటాను నేను. తర్వాత కళ్లు తెరిచారు. 1997 ఫిబ్రవరిలో, ఆ చిన్న జెట్లు మేమే నడుపుతామని అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు అర్ధరాత్రి సమ్మెకి దిగితే, నిమిషాల్లో అధ్యక్షుడు క్లింటన్ ఆపేశాడు. 1926లో రైళ్ల కోసం చేసిన చట్టమే 1936 నుంచి విమానాలకీ వర్తిస్తోంది. ముందు మధ్యవర్తులు, అది తెగకపోతే 30 రోజుల ఆగుడు, ఆ పైన అధ్యక్షుడు. ఇన్ని గడపలు దాటితేగాని సమ్మె లేదు.

దాటినవాళ్లూ ఉన్నారు. సిన్సినాటి దగ్గర కోమ్ఎయిర్ అని, డెల్టా అనే పెద్ద విమాన కంపెనీకి సొంత చిన్న కంపెనీ ఉండేది. 2001 మార్చి 26న అక్కడి పైలట్లు, దాదాపు 1,350 మంది, విమానాలు దిగిపోయారు. మేమూ జెట్లే నడుపుతున్నాం, అద్దె బతుకు మాకెందుకన్నారు. 89 రోజులు ఒక్క విమానం లేవలేదు. జీతాలు పెరిగాయి. కానీ చిన్న కంపెనీకి జీతాలు పెరిగితే అదే పని ఇంకా చవగ్గా చేస్తామనే చిన్న కంపెనీ ఇంకోటి పక్కనే కాచుకుని ఉంటుంది. ఖర్చు ఎక్కువ, విమానాలు పాతబడ్డాయి అని 2012 సెప్టెంబరులో కోమ్ఎయిర్‌ని మూసేశారు. సమ్మె చేసినవాళ్లది తప్పని నేననలేను. అలాగని గెలిచారనీ అనలేను.

చిన్నోడు ఇంకోటి అడిగాడు: మూడు గంటలు లేటయితే పైలట్‌కి ఓవర్‌టైమా అని. కాదు నాన్నా. అక్కడ సాధారణంగా తలుపు మూసి, బ్రేకు వదిలి, విమానం కదిలినప్పటినుంచే గంటలు లెక్క. గేటు దగ్గర మీతోపాటు కూర్చున్న మూడు గంటలకీ భత్యం కింద చిల్లర తప్ప పెద్దగా ఏమీ రాదు.

జీతాల సంగతి దేశమంతా చర్చకొచ్చింది ఓ ఘోరం తర్వాత. 2009 ఫిబ్రవరి 12న బఫెలో అనే ఊరి దగ్గర ఓ చిన్న కంపెనీ విమానం ఇంటి మీద కూలి 50 మంది పోయారు. టిక్కెట్ల మీద కాంటినెంటల్ అనే పెద్ద కంపెనీ పేరుంది. కెప్టెన్ విమానాన్ని సరిగా అదుపు చెయ్యకపోవడమే కారణమని తేల్చారు. అయితే కో పైలట్ అమ్మాయి డ్యూటీ ఎక్కడానికి సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి నెవార్క్ వచ్చిందనీ, ఆమె జీతం అంతంత మాత్రమనీ విచారణలో తెలిసి జనం ముక్కున వేలేసుకున్నారు. 2013 నుంచి 1,500 గంటలు ఎగిరితేగాని కో పైలట్ సీటు లేదన్నారు. మిలటరీలో నడిపినవాళ్లకీ, ఏవియేషన్ డిగ్రీ చదివినవాళ్లకీ కొంత సడలింపుంది. కరోనా రోజుల్లో వయసు పైబడిన పైలట్లు ముందే రిటైరవడంతో పైలట్లకి కరువొచ్చింది. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత చిన్న కంపెనీలు మూడూ, తాత్కాలిక పెంపుతో కలిపి, కొత్త కో పైలట్‌కి గంటకి 90 డాలర్లు ఇస్తామన్నాయి. మరుసటేడు డెల్టా పైలట్లు నాలుగేళ్లలో 34 శాతం పెంపు రాబట్టుకున్నారు.

ఈసారి ఎక్కేటప్పుడు తలుపు పక్కన చిన్న అక్షరాల్లో ఆ రెండో కంపెనీ పేరుంటుంది. ఫొటో తీసి పంపండి. అన్నట్టు, అమ్మమ్మ ఆవకాయ డబ్బా పంపిస్తోంది. ఆ బీరువాలో మాత్రం పెట్టకండి, నూనె కారుతుంది.

తాతయ్య