ప్యానెళ్ళు అమ్ముడుపోయాయి, షేర్లు మునిగిపోయాయి

మార్కెట్ పడ్డప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంటుంది, సోలార్ షేర్లు చీప్‌గా దొరుకుతున్నాయి, కరెంటు అవసరం తగ్గేది కాదు, ఎండ ఎక్కడికీ పోదు, కొని పడేసి మర్చిపోండి అని. 2008లో కూడా ఇదే అన్నారు. అప్పుడు ఏం జరిగిందో తెలియకుండా ఇప్పటి చార్టులు చూసి లాభం లేదు.

ఈ బూమ్ నిజానికి జర్మనీలో మొదలైంది. 2000లో వచ్చిన చట్టంతో సోలార్ కరెంటుకి 20 ఏళ్ళ పాటు ఫిక్స్‌డ్ రేటు గ్యారంటీ ఇచ్చారు, దాంతో డిమాండ్ ఎగబాకింది, తర్వాత 2007లో స్పెయిన్ ఇంకా మంచి రేటు ఇచ్చేసరికి ఒక్క 2008లోనే అక్కడ 2,500 మెగావాట్లకి పైగా పెట్టేశారు. చైనా నుంచి ప్యానెళ్ళు చేసే సన్‌టెక్ 2005 డిసెంబర్‌లో 15 డాలర్లకి న్యూయార్క్‌లో ఐపీఓకి (మొదటిసారి జనానికి షేర్ల అమ్మకానికి) వచ్చి, రెండేళ్ళలో 80 దాటింది. 2006లో 20 డాలర్లకి వచ్చిన అమెరికా కంపెనీ ఫస్ట్ సోలార్ అయితే 2008 మేలో 300 దాటేసింది! ప్యానెల్‌కి ముడిసరుకైన పాలీసిలికాన్‌కి కటకట వచ్చి స్పాట్‌లో (అప్పటికప్పుడు కొనే మార్కెట్లో) కిలో 400 డాలర్లకి పైన పలికింది, అందుకే దొరికితే చాలన్నట్టు కంపెనీలు ఏళ్ళ తరబడి కాంట్రాక్టులు రాసేసుకున్నాయి. సన్‌టెక్ అయితే అమెరికా కంపెనీ ఎంఈఎంసీతో ఏకంగా పదేళ్ళకి.

2008 సెప్టెంబర్‌లో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ పడిపోయింది, అదే నెలలో స్పెయిన్ ఇక ఏడాదికి దాదాపు 500 మెగావాట్లే అని సీలింగ్ పెట్టింది. రెండు దెబ్బలూ ఒకేసారి. సోలార్ ప్లాంట్‌కి ఇంధనం ఖర్చు ఉండదు గానీ డబ్బంతా ముందే పెట్టాలి, ఆ డబ్బులో ఎక్కువ భాగం అప్పే, బ్యాంకులు చేతులెత్తేస్తే ఎండ ఎంత కాసినా ప్రాజెక్ట్ కదలదు. జూలైలో 147 డాలర్లున్న క్రూడ్ డిసెంబర్‌కి 40 కిందికి వచ్చేసరికి, చమురు రేట్లు చూసి సోలార్ కొన్నవాళ్ళు కూడా జారుకున్నారు (కార్లు నడిపే నూనెకీ ప్యానెళ్ళకీ ఉన్న లింకు తక్కువే, అయినా మార్కెట్ అలాగే అనుకుంటుంది).

తమాషా ఏంటంటే అసలు మారణకాండ తర్వాత జరిగింది. పాలీసిలికాన్ 2009 చివరికి కిలో 60 డాలర్ల దగ్గరికి పడింది, పాత రేటుకి కాంట్రాక్ట్ రాసుకున్నవాళ్ళు ఇరుక్కుపోయారు, ఎంఈఎంసీ కాంట్రాక్ట్ నుంచి బయటపడటానికి సన్‌టెక్ 2011లో డబ్బు కట్టాల్సొచ్చింది. మరోపక్క చైనా ఫ్యాక్టరీలు లోన్ల మీద లోన్లు తెచ్చి కెపాసిటీ పెంచుతూనే పోయాయి, ప్యానెల్ రేటు కుప్పకూలింది. 2011లో అమెరికాలో సోలిండ్రా అనే ప్యానెల్ కంపెనీ 53.5 కోట్ల డాలర్ల ప్రభుత్వ గ్యారంటీ లోను మిగిల్చి మూతపడింది, 2012లో జర్మనీ సోలార్ కంపెనీ క్యూ-సెల్స్ దివాలా తీసింది, 2013 మార్చిలో సన్‌టెక్ 54.1 కోట్ల డాలర్ల బాండ్లు తీర్చలేక చేతులెత్తేసింది, అదీ ప్రపంచంలోనే ఎక్కువ ప్యానెళ్ళు అమ్మిన కంపెనీగా రికార్డు కొట్టిన కొద్దికాలానికే.

ఇదే టైంలో ప్రపంచంలో పెట్టిన మొత్తం సోలార్ 2008లో సుమారు 15 గిగావాట్లుంటే 2012 చివరికి 100 దగ్గరికి చేరింది. అంటే సరుకు బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది, లాభం మాత్రం ప్యానెల్ కొన్నవాడికి వెళ్ళింది. ఫస్ట్ సోలార్‌ది వేరే టెక్నాలజీ, పాలీసిలికాన్ గొడవే లేదు, బతికి బట్టకట్టింది, కానీ దాని షేరు కూడా 2012 జూన్‌కి 12 డాలర్ల దగ్గరికి దిగింది, 300లో కొన్నవాడి పరిస్థితి ఆలోచించండి.

మన దగ్గర కూడా ఉందండోయ్. సెల్స్ (ప్యానెల్‌లో కరెంటు పుట్టించే ముక్కలు) తయారుచేసే ఇండోసోలార్ 2010లో 29 రూపాయలకి ఐపీఓకి వచ్చింది, అదే ఏడాది నేషనల్ సోలార్ మిషన్ మొదలైంది, కథ వినడానికి ఎంత బాగుందో! చౌక దిగుమతుల ముందు నిలబడలేక అప్పుల్లో పడింది, దివాలా ప్రక్రియలో 2022లో ప్యానెళ్ళు చేసే వారీ అనే కంపెనీ చేతికి వెళ్ళింది.

అదే వారీ 2024 అక్టోబర్‌లో 1,503 రూపాయల ఇష్యూతో వచ్చి మొదటిరోజే దుమ్ముదులిపింది, అంతకుముందు సెప్టెంబర్‌లో మన హైదరాబాద్ ప్రీమియర్ ఎనర్జీస్ 450 ఇష్యూ ధర మీద రెట్టింపుకి పైగా లిస్ట్ అయింది. వీటి వెనక 2022 ఏప్రిల్‌లో దిగుమతి మాడ్యూళ్ళ (అంటే ప్యానెళ్ళ) మీద 40 శాతం, సెల్స్ మీద 25 శాతంగా మొదలైన డ్యూటీ ఉంది, సర్కారు ఆమోదించిన ప్యానెల్ కంపెనీల లిస్ట్ ఉంది. స్పెయిన్‌లో కూడా అంతా సర్కారు రేటు మీదే నడిచింది కాబట్టి, డౌన్‌టర్న్‌లో వీటిని కొనాలనుకునేవాళ్ళు నా లెక్కలో ముందు చూడాల్సింది పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లుందో) కాదు, అప్పెంత, ముడిసరుకు ఏ రేటుకి రాసుకున్నారు, డ్యూటీ తీసేస్తే మార్జిన్ ఎంత మిగులుతుంది అనేది.