జూలైలో వణికించే సముద్రం

రెండేళ్ళ క్రితం జూలైలో అమ్మ రాజమండ్రి నుంచి మా దగ్గరికి వచ్చింది. మేముండేది అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు బోలెడు కాబట్టి ఆవిడకు పొద్దుపోక ఇబ్బందేమీ లేదు గానీ, "సముద్రం దగ్గరేనన్నావుగా, ఎప్పుడు తీసుకెళ్తావు" అని రోజూ పోరు. సరేనని ఓ శనివారం పొద్దున్నే బయలుదేరాం. ముందురోజు మా ఊళ్ళో 37 డిగ్రీలు, ఆ ఎండకు ఉడికిపోయిన మనిషి కదా, సముద్రస్నానానికని తువ్వాలు, మారుచీర కూడా సర్దుకుంది. గంటన్నర కారు ప్రయాణం. కొండలు దాటి కానన్ బీచ్‌లో దిగేసరికి 14 డిగ్రీలు, ఎదురుగా ఏమీ కనపడనంత పొగమంచు. అయినా పట్టు వదలకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో కాలు పెట్టి, ఒక్క గంతులో వెనక్కి వచ్చేసింది. "ఒరేయ్, ఇవేం నీళ్ళురా, ఐసు కరిగించి పోశారా!"

ఒరెగాన్ తీరానికి మొదటిసారి వచ్చిన మనవాళ్ళందరిదీ ఇదే మాట. వైజాగ్‌లో నీళ్ళు ఏడాది పొడవునా వెచ్చగా 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి. ఇక్కడ నడివేసవిలో కూడా 10, 12. "అలాస్కా దగ్గర కదా, అందుకే" అని చాలామంది చెప్తారు, నేనూ చాలాకాలం అదే చెప్పాను. అందులో కొంత నిజం ఉంది, ఉత్తరం నుంచి కిందికి దిగే చల్లటి ప్రవాహం ఒకటుంది. కానీ దాంతో లెక్క తేలదు. ఎందుకంటే వేసవిలో ఒడ్డు నుంచి పడవలో వంద కిలోమీటర్లు లోపలికి వెళ్తే నీళ్ళు ఇంకా చల్లబడవు, వెచ్చబడతాయి. చలి అంతా ఒడ్డునే ఉంది. మరి ఈ చల్లటి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? కిందనుంచి.

వేసవిలో ఇక్కడ గాలి ఉత్తరం నుంచి దక్షిణానికి, తీరం వెంబడి వీస్తుంది. గాలి అటు తోస్తే నీళ్ళూ అటే పోవాలని మనం అనుకుంటాం. భూమి తిరుగుతోంది కాబట్టి అలా జరగదు. ఈ సంగతి మొదట కంటపడింది నార్వే సాహసికుడు నాన్సెన్‌కి. 1893 నుంచి మూడేళ్ళపాటు తన ఓడను ఆర్కిటిక్ మంచులో ఇరికించి దాంతో పాటే కొట్టుకుపోతూ, మంచు గాలివాటున కాకుండా కాస్త కుడివైపుకు జరుగుతోందని గమనించాడు. ఎందుకో లెక్కగట్టి 1905లో చెప్పినవాడు స్వీడన్‌కి చెందిన ఎక్‌మాన్. పేకముక్కల కట్ట మీద అరచెయ్యి పెట్టి తోసినట్టు ఊహించుకోండి. పైముక్క కిందిదాన్ని, అది దాని కిందిదాన్ని లాక్కుపోతుంది, ఒక్కో ముక్కా పైదానికంటే ఇంకాస్త కుడికి తిరుగుతుంది. మొత్తం కట్టను కలిపి చూస్తే ఉత్తరార్ధగోళంలో నీళ్ళు గాలికి అడ్డంగా, కుడిపక్కకు నడుస్తాయి. దక్షిణానికి తిరిగి నిలబడితే కుడిపక్కన ఉన్నది పడమర, అంటే నడిసముద్రం. అలా పైనీళ్ళు ఒడ్డును వదిలి లోపలికి పోతుంటే, ఖాళీ అయిన చోట నిండడానికి అడుగునుంచి చల్లటి నీళ్ళు పైకి పొంగుతాయి. అప్‌వెల్లింగ్ అంటారు దీన్ని. అమ్మ కాలు పెట్టింది ఆ అడుగు నీళ్ళలో.

ఇది మనకు సంబంధం లేని సంగతేమీ కాదు. 1950ల్లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడివాళ్ళతో కలిసి వాల్తేరు తీరంలో కొలతలు తీశాడు. నైరుతి గాలులు మన తీరం వెంబడి వీచేటప్పుడు అక్కడా అడుగు నీళ్ళు పైకి వస్తాయని, ఈశాన్య గాలులప్పుడు పైనీళ్ళు కిందికి మునుగుతాయని చెప్పిన మొదటి పనుల్లో అది ఒకటి. మరి రామకృష్ణా బీచ్‌లో ఎవరూ వణకరేం? గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇంతమంది కలిసి బంగాళాఖాతం నెత్తిన పోసే మంచినీళ్ళు ఉప్పునీటికంటే తేలిక. పాల మీద మీగడలా పైన తేలుతూ మూతేసినట్టు ఉంటాయి. అడుగు నీళ్ళు ఆ మూతను తోసుకుని రావడం కష్టం. ఒరెగాన్ తీరానికి అంత గట్టి మూత లేదు.

పొగమంచు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే, తడిగాలి ఈ చల్లటి నీళ్ళ మీదుగా వచ్చి చిక్కబడుతుంది. లోపల ఊళ్ళు ఎండకు కాలే కొద్దీ అక్కడి వేడిగాలి పైకి లేచి, ఈ మంచును ఒడ్డుకు గుంజుతుంది. అందుకే హిల్స్‌బరోలో ఎంత ఎండ కాస్తే ఇక్కడ స్వెట్టర్ అంత గ్యారంటీ. చెప్తే ఎవరూ నమ్మరు, వచ్చాక బీచ్ పక్క కొట్లో యాభై డాలర్లు పోసి కొనుక్కుంటారు.

ఇక ఆ చలి చేసే అసలు పని. సముద్రంలో చచ్చినవన్నీ కిందికి రాలి అడుగున కుళ్ళుతాయి కాబట్టి అడుగు నీళ్ళలో ఎరువు ఉంటుంది, నైట్రేట్లు, ఫాస్ఫేట్లు. ఎండ ఉన్నచోట ఎరువు లేదు, ఎరువు ఉన్నచోట ఎండ లేదు. అప్‌వెల్లింగ్ ఈ రెంటినీ కలుపుతుంది. అంతే, కంటికి కనపడని నాచు కోట్లకొద్దీ పుట్టి నీళ్ళు ఆకుపచ్చగా చిక్కబడతాయి, దాన్ని తినే రొయ్యపిల్లలు, వాటిని తినే చేపలు, పక్షులు, తిమింగలాలు వరసగా వస్తాయి. మన దృష్టిలో అందమైన సముద్రమంటే స్వచ్ఛంగా నీలంగా ఉండేది. నిజానికి అలాంటి నీళ్ళలో తిండి తక్కువ, ఈ మురికి ఆకుపచ్చ నీళ్ళే అన్నం కుండ. అయితే ఈ కుండకూ ఓ తంటా ఉంది. అడుగు నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, పైన పుట్టిన నాచు చచ్చి కుళ్ళేటప్పుడు ఉన్నదీ ఖర్చయిపోతుంది. 2002 నుంచి ఇక్కడ కొన్ని వేసవుల్లో సముద్రపు అడుగున ఊపిరాడక పీతలు గుట్టలుగా చచ్చిపోతున్నాయి. 2006లో మరీ ఘోరంగా జరిగింది.

కుండలో ఏముందో చూడాలంటే ఆటు సమయానికి వెళ్ళాలి. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, రెండు ఆట్లలో ఒకటి రెండోదానికంటే బాగా లోతు. ఫోన్‌లో టైడ్ టేబుల్ చూసుకోకుండా వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది, ఇంత దూరం వచ్చి ఇసుకలో సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు. కానన్ బీచ్‌లో హేస్టాక్ రాక్ అని 72 మీటర్ల నల్లటి బండ నీళ్ళలో నిలబడి ఉంటుంది. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు దాని మొదట్లో రాళ్ళ మధ్య గుంటలు బయటపడతాయి. మేం వెళ్ళేసరికి ఒక గుంటలో అరచేయంత ఆకుపచ్చటి పువ్వు విచ్చుకుని ఉంది. పువ్వు కాదు, సీ అనిమోన్ అనే జంతువు. ఆ పచ్చదనంలో కొంత దాని ఒంట్లో కాపురముండే నాచుది. మా పిల్లాడు వేలు తడిపి మెల్లిగా దాని రేకకు ఆనించాడు, అది జిగురులా వేలికి పట్టుకుంది. నిజానికి అది జిగురు కాదు. ఒక్కో రేకలో వేల సూక్ష్మమైన ముళ్ళుంటాయి, వాటితో కుట్టి వేటను పట్టుకోవాలని దాని ప్రయత్నం. మన చర్మం మందం కాబట్టి సరిపోయింది.

ఆ పక్కనే బండకు అతుక్కుని వంకాయ రంగువి, నారింజ రంగువి స్టార్‌ఫిష్‌లు. ఒకటి ఆల్చిప్ప మీద బోర్లా పడి ఉంది. భోజనం అలా చేస్తుందది. చేతులతో చిప్పను రెండుపక్కలా లాగి, వెంట్రుకంత సందు దొరకగానే తన పొట్టను నోట్లోంచి బయటికి తీసి ఆ సందులోంచి లోపలికి దూరుస్తుంది, అక్కడే అరిగించుకుంటుంది. "ఎంగిలి పళ్ళేలు కడిగే పని లేదన్నమాట" అంది అమ్మ. ఈ జీవి లేకపోతే ఏమవుతుందో చూడాలని రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్తకు 1963లో పట్టుదల కలిగింది. పక్క రాష్ట్రం వాషింగ్టన్‌లో, మకా అఖాతం దగ్గర ఓ బండ ముక్కను ఎంచుకుని, దాని మీది స్టార్‌ఫిష్‌లను గడ్డపారతో పెళ్ళగించి సముద్రంలోకి విసిరేశాడు. మళ్ళీ వచ్చినప్పుడల్లా అదే పని. వాటి భయం పోయాక ఆల్చిప్పలు బండంతా ఆక్రమించి మిగతావాటికి చోటు లేకుండా చేశాయి. 15 రకాల జీవులున్న చోట 8 మిగిలాయి. కమానులో మధ్య రాయి తీస్తే కమాను కూలినట్టు అని, దాన్నిబట్టే 1969లో ఇలాంటి జీవులకు కీస్టోన్ జాతులని పేరు పెట్టాడు.

2013లో ఆ ప్రయోగం ఎవరూ తలపెట్టకుండానే తీరమంతా జరిగింది. స్టార్‌ఫిష్‌లకు ఏదో జబ్బు చేసి చేతులు ఊడిపోతూ ముద్దలా కరిగిపోవడం మొదలైంది. కారణం తేలడానికి పన్నెండేళ్ళు పట్టింది. పెద్దగా, ఇరవై నాలుగు చేతుల దాకా ఉండే సన్‌ఫ్లవర్ స్టార్ 90 శాతానికి పైగా పోయింది. దాన్ని చంపింది ఒక విబ్రియో బాక్టీరియా అని 2025లో తేల్చారు, కలరా తెచ్చేదానికి చుట్టం. మేం చూసిన వంకాయ రంగు రకం చాలాచోట్ల మళ్ళీ కోలుకుంటోంది.

ఆ మధ్యాహ్నం దక్షిణంగా నెస్కోవిన్ వెళ్ళాం. అక్కడ ఇసుకలోంచి, అలల మధ్యలోంచి మొండి మానులు పైకి లేచి ఉంటాయి, అన్నీ కలిపి వందదాకా. సిట్కా స్ప్రూస్ చెట్లవి, రెండువేల ఏళ్ళ నాటివి. 1997-98 శీతాకాలపు తుపానుల్లో ఇసుక కొట్టుకుపోయి బయటపడ్డాయి. అడవి సముద్రంలోకి ఎలా వచ్చింది? నేల ఒక్కసారిగా కుంగిందని కొందరు, ఇసుక, నీళ్ళు నెమ్మదిగా మింగాయని కొందరు. ఇవెలా చచ్చినా, ఈ తీరం ఒక్కసారిగా కుంగడం మాత్రం నిజం. బ్రయన్ అట్‌వాటర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1980ల్లో వాషింగ్టన్ తీరంలో తవ్వి చూస్తే పాత పచ్చిక నేల మీద సునామీ తెచ్చిన ఇసుక పొర దొరికింది. అక్కడి ఎండిపోయిన దేవదారుల వలయాలు లెక్కబెడితే 1699లో ఎదుగుదల ముగిశాక, 1700లో మొదలవకముందే చచ్చాయని తెలిసింది. ఇంకోపక్క జపాన్‌లో పాత దస్తావేజుల్లో ఓ చిక్కుముడి ఉంది. 1700 జనవరిలో భూమి కంపించకుండానే సునామీ వచ్చి ఇళ్ళను ముంచింది. తల్లి భూకంపం ఎక్కడుందో తెలియక అనాథ సునామీ అన్నారు. జపాన్ శాస్త్రవేత్త కెంజి సతాకే బృందం 1996లో ఆ అలలు వచ్చిన వేళల నుంచి వెనక్కి లెక్కగట్టింది. ఆ తల్లి భూకంపం వచ్చింది ఈ తీరంలోనే: 1700 జనవరి 26, ఇక్కడి కాలమానంలో రాత్రి తొమ్మిది ప్రాంతం, తీవ్రత సుమారు 9. మనకు రిపబ్లిక్ డే తేదీ కాబట్టి ఒకసారి వింటే మరచిపోం.

అమ్మకు మాత్రం వేరే 26 గుర్తొచ్చింది. 2004 డిసెంబరు 26, ఆదివారం. సుమత్రాలో కంపించిన రెండున్నర గంటలకు వైజాగ్‌కు అలలొచ్చాయి. ఆ తర్వాతే హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు, 2007లో. ఒరెగాన్‌లో భూఫలకాలు జారేది తీరానికి ఆనుకునే కాబట్టి అంత వ్యవధి ఉండదు, పావుగంట, అరగంట. సైరన్ కోసం ఎదురుచూడకూడదు, నేల ఊగడమే హెచ్చరిక, ఊగడం ఆగగానే కొండెక్కాలి. రోడ్డు పక్కన నీలం రంగు బోర్డులు అందుకే. ఇంకో చిన్న టెన్షన్ కూడా ఉంది, అది రోజూ ఉండేది. అలాస్కా వైపు తుపానుల్లో పుట్టిన పొడుగాటి అలలు ఒకదాని మీద ఒకటి కలిసినప్పుడు, పది నిమిషాలు ప్రశాంతంగా ఉన్న చోటే ఒక అల ఇసుక మీద చాలా పైదాకా దూసుకొస్తుంది. ఒడ్డున పడి ఉన్న దుంగల మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. అంత బరువైన దుంగ జానెడు నీళ్ళలోనే దొర్లుతుంది.

ఇంత తీరం, 584 కిలోమీటర్లు, ఎవరైనా ఎక్కడైనా దిగి చూడగలుగుతున్నారంటే దానికో చమత్కారం ఉంది. 1913లో గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ తీరాన్ని అమ్ముకోకుండా ఆపడానికి తీరం పొడవునా తడి ఇసుకను రాష్ట్ర రహదారిగా ప్రకటింపజేశాడు. రోడ్డును ఎవరూ కొనలేరు కదా! తడి ఇసుక మాత్రమే రోడ్డని 1966లో ఓ మోటల్ యజమాని పొడి ఇసుకకు కంచె వేస్తే గొడవై, పొడి ఇసుక మీదా జనం తిరగొచ్చంటూ 1967లో బీచ్ బిల్లు వచ్చింది. ఈ రోడ్డు లెక్క వల్లనే 1970 నవంబరులో ఫ్లోరెన్స్ ఒడ్డుకు 8 టన్నుల తిమింగలం శవం కొట్టుకొస్తే, తొలగించే బాధ్యత హైవే శాఖ నెత్తిన పడింది. రోడ్డువాళ్ళకు తెలిసిన విద్య ఏముంది, బండరాళ్ళను పేల్చడమేగా? అర టన్ను డైనమైట్ పెట్టారు. మాంసం ముద్దలు ఆకాశమంతా ఎగిరి జనం మీద పడ్డాయి, దూరంగా ఆపిన ఓ కారు పైకప్పు నుగ్గయింది, తిమింగలంలో చాలాభాగం మాత్రం అక్కడే ఉంది. 2020లో ఆ ఊళ్ళో దాని పేరుతో పార్కు కూడా పెట్టారు.

మర్నాడు తిరుగుదారిలో కేప్ లుకౌట్ స్టేట్ పార్కులో ఆగాం. ఒడ్డున నున్నటి నల్లరాళ్ళు. ఈ కొండా, నిన్నటి హేస్టాక్ బండా ఒక తల్లి పిల్లలే. కోటిన్నర ఏళ్ళ క్రితం తూర్పున భూమి నెర్రెలిచ్చి లావా పొంగి, కొలంబియా నది లోయ పట్టుకుని సుమారు 480 కిలోమీటర్లు పారి ఈ సముద్రంలో పడింది. అమ్మ ఒక రాయి తీసి చీరకొంగుతో తుడుస్తుంటే చెప్పాను, దక్కన్ పీఠభూమిలో పొంగిన లావా కూడా ఇలాగే, దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం, వెయ్యి కిలోమీటర్లు పారి మన రాజమండ్రి దాకా వచ్చిందని, భూమ్మీద అంత దూరం పారిన లావా ఇంకోటి లేదంటారని, పంగిడి క్వారీల్లో కంకర కొట్టేది దాన్నేనని.

అమ్మ రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే మనింటి శ్లాబులో వేసిన కంకరా? దానికోసం ఇంత దూరం తీసుకొచ్చావట్రా?" అంటూనే దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.