12 మైళ్ల అవతల ఎవరి చట్టం?

హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్లో వంజరం కిలో ఎంతని అడుగుతారు గానీ, ఏ నీళ్లలో పట్టారని ఎవరూ అడగరు. దేశాల మధ్య గొడవంతా ఆ రెండో ప్రశ్న మీదే.

తమ తీరానికి ఆనుకున్న సముద్రంలో చేపల వేటను అదుపు చేసే హక్కు తమకుందని 1945లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటించారు. రెండేళ్లకే చిలీ, పెరూ 200 నాటికల్ మైళ్ల దాకా మాదేనన్నాయి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం లెక్క తేల్చింది: 12 మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, అంటే ఆ దేశపు సొంత నీళ్లు; 200 మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే అక్కడి చేపల మీద హక్కు ఆ దేశానిది.

మనవాళ్లు అంతకుముందే 1976లో సముద్ర మండలాల చట్టం, 1981లో విదేశీ పడవల వేటపై చట్టం తెచ్చారు. దొంగవేటకు వచ్చిన విదేశీ పడవ 12 మైళ్ల లోపు దొరికితే మూడేళ్ల దాకా జైలు, ఆ అవతలైతే జరిమానా. ఐరాస ఒప్పందం 73వ అధికరణం కూడా, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, ఆర్థిక మండలిలో చేపల నేరానికి జైలు కూడదంటుంది. పూచీకత్తు కడితే పడవనూ మనుషులనూ వెంటనే వదలాలి. కానీ ప్రాదేశిక జలాల్లోకి వచ్చారంటే ఆ రక్షణ వర్తించదు. గుజరాత్, పాకిస్తాన్ మధ్య ఉన్న సముద్రపు పాయ సర్ క్రీక్ వైపు అసలు సరిహద్దే తేలలేదు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇళ్లకు చేరింది 2020 జనవరిలో.

సరే, మన పడవల సంగతి? 12 మైళ్ల లోపు రాష్ట్రాలది, ఆపైన కేంద్రానిది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపాలన్న ఉత్తర్వులాంటివి తప్పితే, 12 మైళ్లు దాటాక స్వదేశీ పడవలకు మొన్నటిదాకా సమగ్రమైన నిబంధనలే ఉండేవి కావు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సముద్రపు వేడినీ, నీటి రంగునూ ఉపగ్రహాలతో చూసి చేపలు ఎక్కడ చేరతాయో చెబుతుంది. అక్కడ ఎవరు, ఎలా పట్టాలో చెప్పే నియమాలు మాత్రం 2025 నవంబరులో గానీ రాలేదు.

ఈ లోటు 2022లో జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) అక్రమ వేటకు సబ్సిడీలు నిషేధించినప్పుడే తెలియాల్సింది. పెద్ద నౌకలతో సముద్రాలను ఊడ్చేసిన దేశాలే ముందు తగ్గించుకోవాలని, మాలాంటి వాళ్లకు 25 ఏళ్ల గడువు కావాలని భారత్ వాదించింది. వాదన న్యాయమైనదే. అయితే సొంత పడవలకే నియమాలు లేని దేశం అలా అంటే ఎంతమంది వింటారు? 2025 నియమాల ప్రకారం ఇప్పుడు 12 మైళ్లు దాటాలంటే యాంత్రిక పడవలు ఆన్‌లైన్‌లో పాస్ తీసుకోవాలి. ఎల్‌ఈడీ లైట్లతో వేట, రెండు పడవలు కలిసి ఒకే వల లాగడం నిషేధం. సంప్రదాయ పడవలకు పాస్ అక్కర్లేదు.