ఏ ఏడాది నుంచి లెక్కపెట్టాలి? విశాఖ సంఘాల్లో పాత తగువు

అక్టోబర్ 31 దగ్గరపడితే చాలు, విశాఖ క్రైస్తవ సంఘాల్లో ఈ మాట మళ్లీ లేస్తుంది. కాథలిక్ సంఘంలోని తప్పులను మార్టిన్ లూథర్ ప్రశ్నించిన రోజును తలచుకునే సంస్కరణ దినాన్ని, సంఘ వార్షికోత్సవాన్ని ఎలా జరుపుకోవాలి? ఫ్లెక్సీలు, శాలువాలు, సావనీర్లు కావాలని కొందరు. వాక్యం చదివి ప్రార్థన చేసుకుంటే చాలని పెద్దలు. లూథర్ కథ అందరికీ తెలిసిందే. మన ఊళ్లో ఈ తగువు అర్థం కావాలంటే 1810, 1812 దగ్గర ఆగాలి.

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖకు వచ్చారు. చాలామంది ఇక్కడి సంఘ చరిత్రను ఆ ఏడాది నుంచే లెక్క మొదలుపెడతారు. నాకు ఆ లెక్క మొదట్నుంచీ నచ్చదు. 1809లో క్రాన్, 1810లో డి గ్రాంజెస్ చనిపోయారు. ఈస్టిండియా కంపెనీ పాలనలో మిషనరీల రాకకు దారి తెరిచిన 1813 చార్టర్ చట్టాన్ని ఇద్దరూ చూడలేదు. ఐదేళ్లలో ఇద్దరూ పోయారు. మిగిలింది కాగితాల కట్ట.

అది తెలుగులో సువార్తల అనువాదం. దాని వెనుక ఆనందరాయర్ కష్టం ఉంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్మినవాడాయన. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లకు ఏ మాట మన చెవికి ఆనుతుందో చెప్పడానికి ఇలాంటి మనిషే కావాలి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ ఏడాది మార్చి 11నే సేరంపూర్ ముద్రణాలయం తగలబడి ఎన్నో భాషల అచ్చు అక్షరాలు, అక్కడి మిషనరీ విలియం కేరీ రాతప్రతులు బూడిదయ్యాయి. అలాంటి ఏడాదిలోనే మన భాషలో మూడు సువార్తలు పుస్తకమై బయటికొచ్చాయి. కొత్త నిబంధన 1818లో వచ్చింది. మన వార్షికోత్సవ ఫ్లెక్సీల మీద ఆనందరాయర్ పేరు నేనెన్నడూ చూడలేదు. అది నన్ను బాధపెడుతుంది.

పండుగ లేకపోతే పిల్లలకు చరిత్ర తెలియదని, పదిమందీ కలిసేది అప్పుడేనని కమిటీల వాదన. అది నిజమే.

పెద్దలు పండుగ వద్దనడం లేదు. ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటాక పన్నెండు రాళ్లు నిలబెట్టమన్నది దేవుడే (యెహోషువ 4). అయితే పిల్లలు అడిగినప్పుడు చెప్పాల్సింది నీళ్లు ఆపినవాడి గురించి, రాళ్లు మోసినవాళ్ల గురించి కాదు. దినాలనూ మాసాలనూ ఆచరించడం చూసి పౌలు గలతీయుల విషయంలో భయపడ్డాడు. మన పెద్దలకు ఇంకో టెన్షన్ కూడా ఉంది. 2016 అక్టోబర్ 31న స్వీడన్‌లోని లుండ్‌లో పోప్ ఫ్రాన్సిస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి సంస్కరణను జ్ఞాపకం చేసుకున్నారు. విశ్వాసం వల్లనే నీతిమంతులమవుతామన్న సిద్ధాంతంపై పూర్తిగా ఒక మాటకు రాకుండా కలిసి చేసే జ్ఞాపకంలో అసలు సంగతే పక్కకు పోతుందని పెద్దల భయం. ఆ భయాన్ని ఛాందసం అని కొట్టిపారేయకూడదు.

ఒక పెద్దాయన ఈసారి సంఘాన్ని ఒకటే అడుగుతున్నారు. వార్షికోత్సవం రోజు సన్మానాలు పక్కనపెట్టి, లూకా సువార్త ఇరవైనాలుగు అధ్యాయాలూ పిల్లల చేత వంతులవారీగా బిగ్గరగా చదివించమని. దానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. కమిటీ ఇంకా జవాబివ్వలేదు.